తోలు మీద వెలుగు: నల్ల మచ్చలు, లేజర్ వైద్యం, మన విమర్శ

దళిత అధ్యయనాల పత్రికలో లేజర్ వైద్యానికి ఏం పని అని అడిగేవాళ్లు ఉంటారు. భూమి గురించి రాయండి, వర్గీకరణ గురించి రాయండి, చుండూరు గురించి ఇంకా రాయాల్సింది ఉంది గదా, మొటిమల మచ్చలు ఎవరిక్కావాలి అనొచ్చు. మా జవాబు సూటిగానే ఉంది. అంటరానితనం తాకడం మీద నిలబడ్డ వ్యవస్థ. తాకేదీ తాకించుకునేదీ చర్మమే. గోపాల్ గురు, సుందర్ సరుక్కై 2012లో తెచ్చిన 'ద క్రాక్డ్ మిర్రర్' పుస్తకంలో స్పర్శను తాత్విక సమస్యగా చర్చించిన తర్వాత కూడా చర్మాన్ని స్కిన్ డాక్టర్లకీ క్రీముల కంపెనీలకీ వదిలేసి కూచోవడం మనకి కుదరదు. పైగా ఇవాళ హైదరాబాదులో, విజయవాడలో, వైజాగులో పెద్ద రోడ్డు ఎక్కితే చాలు, లేజర్ క్లినిక్కు బోర్డు కనపడుతుంది. ఆ బోర్డు మీద ఎడంపక్క నల్ల మచ్చలున్న మొహం, కుడిపక్క అదే మొహం తెల్లగా. మచ్చ పోవడం వేరు, మనిషి తెల్లబడటం వేరు. ఈ రెండింటినీ ఒకే బొమ్మలో కలిపేసిన ఆ మాయ మీదే మా విమర్శ.

ముందు మాటల సంగతి చూద్దాం. పశువుకి తోలు, మనిషికి చర్మం అనేది మర్యాదస్తుల తెలుగు. వాడలో మనిషికీ తోలే. ఎండకి తోలు కమిలిందంటాం, చెప్పు కరిచి తోలు లేచిందంటాం. దొర తోలు తీస్తానన్నప్పుడూ అది మనిషి తోలే. అదే తోలు క్లినిక్కు బోర్డు ఎక్కేసరికి 'చర్మ సౌందర్యం' అయిపోతుంది. బ్యూటీ పార్లర్లలో 'ట్యాన్ రిమూవల్' అని ఒకటి చేస్తారు. ట్యాన్ అనే ఇంగ్లీషు మాట పుట్టిందే తోలు ఊనే కాడ. తోలు ఊనడానికి వాడిన ఓక్ చెట్టు బెరడు పేరది. మన లందలో తంగేడు చెక్క చేసిన పనే యూరపు లందల్లో ఓక్ బెరడు చేసింది. మాదిగ లంద పక్కనుంచి ముక్కు మూసుకుని పోయినవాళ్ల మనవరాళ్లు ఇవాళ తమ మొహాన్ని ఊనిన తోలుతో పోల్చుకుని, ఆ ఊనుడు వదిలించుకోవడానికి డబ్బులు కడుతున్నారు. చెప్పులు కుట్టే ముసలాయనకి ఈ సంగతి చెప్తే నవ్వుతాడు.

'మచ్చ' ఇంకా తిరకాసు మాట. వంశానికి మచ్చ, పేరుకి మచ్చ, మచ్చలేని మనిషి. చర్మం మీది గుర్తు నేరుగా శీలం మీదికి ఎక్కుతుంది. మచ్చకీ మైలకీ మధ్య దూరం ఎంతో లేదు. రెండూ కడిగితే పోవాలి, కడిగినా పోనివాడు దోషి. చంద్రుడిలో మచ్చని పొగిడిన కవులకి నాటు వేసే మనిషి పిక్క మీద మచ్చ ఎన్నడూ కనపడలేదు. ఇంత బరువున్న మాటని వైద్యం తెలిసో తెలియకో అరువు తెచ్చుకుంది. అందుకే డాక్టరు దగ్గరికి పోయే మనిషి కేవలం రోగిగా పోవడం లేదు, ముందే తలదించుకుని పోతున్నది.

మరి ఆ మచ్చ ఏంది? మొటిమ కానీ, గజ్జి కానీ, తామర కానీ, కాలిన గాయం కానీ, పురుగు కుట్టిన చోటు కానీ, ఏదైనా మంటెక్కి వాచి తగ్గిన తర్వాత అక్కడ నల్లగానో గోధుమరంగుగానో మిగిలేది. వైద్యులు దీన్ని పోస్ట్ ఇన్‌ఫ్లమేటరీ హైపర్‌పిగ్మెంటేషన్ అంటారు. మంట పుట్టినప్పుడు వెలువడే రసాయనాలు రంగు తయారుచేసే కణాలను రెచ్చగొడతాయి. అవి మెలనిన్ ఎక్కువగా తయారుచేసి చుట్టూ ఉన్న కణాలకు పంచిపెడతాయి. ఇదంతా పైపొరలోనే జరిగితే మచ్చ గోధుమరంగులో ఉండి, కొన్ని నెలల్లో, ఒక్కోసారి ఏడాది పైన, దానంతటదే పలచబడుతుంది. మంట ఎక్కువై పైపొర అడుగు చెదిరితే మెలనిన్ కింది పొరలోకి రాలి అక్కడి కణాల కడుపులో చిక్కుకుంటుంది. అప్పుడు మచ్చ బూడిద, నీలి ఛాయల్లో కనిపిస్తుంది, ఏళ్ల తరబడి ఉంటుంది, కొన్ని అసలే పోవు. ఇంకో సంగతి. ఈ రంగు కణాల లెక్క నల్లవాళ్లలోనూ తెల్లవాళ్లలోనూ దాదాపు ఒకటే. తేడా అంతా ఆ కణాలు తయారుచేసే రంగు పొట్లాల సైజులో, వాటి పంపకంలో ఉంది. ప్రకృతి అందరికీ ఒకే లెక్కన కణాలు పెట్టింది, నల్ల చర్మంలో అవి పని ఎక్కువ చేస్తాయి. అందుకే మనబోటి చర్మం మీద మచ్చ తొందరగా పడుతుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది.

'హైపర్' అంటే ఎక్కువ. దేనికంటే ఎక్కువ? ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలా సంగతులు తేలిపోతాయి. వైద్యశాస్త్రం నిజాయితీగా చెప్పే జవాబు ఒకటే: ఆ మనిషి సొంత రంగు కంటే ఎక్కువ. మచ్చ పక్కన ఉన్న మంచి చర్మమే కొలబద్ద. చామనఛాయ మనిషికి చామనఛాయ, కారునలుపు మనిషికి కారునలుపు. మచ్చ ఆ రంగులో కలిసిపోతే వైద్యం అయిపోయినట్టే. కానీ క్లినిక్కు అక్కడ ఆగదు. మచ్చ తీస్తానని పిలిచి, మచ్చతోపాటు మొహం 'రెండు షేడ్లు' తగ్గిస్తానంటుంది. మచ్చ వైద్యం ఎప్పుడు ముగిసిందో, రంగు వ్యాపారం ఎప్పుడు మొదలైందో పోయినవాళ్లకి తెలియనియ్యదు. మచ్చకి కొలత మనిషి సొంత రంగు. ఆ కొలతని దొంగిలించి దాని స్థానంలో వేరేవాళ్ల రంగుని పెట్టడం వైద్యం కాదు. ఎన్ని డిగ్రీలు గోడకి తగిలించినా కాదు.

ఇక్కడ మనవాళ్లతో కూడా ఒక తగాదా ఉంది. ఎనభైల చివర నుంచి తెలుగు దళిత ఉద్యమం నలుపుని జెండాగా ఎత్తుకుంది. 'నలుపు' పేరుతోనే పత్రిక నడిచింది, గోగు శ్యామల సంకలనం చేసిన దళిత స్త్రీల సాహిత్యానికి 'నల్లపొద్దు' అని పేరు. ఆ ఎత్తుకోవడం అవసరం, అది లేకపోతే మేము ఈ వ్యాసం రాసే భాషే లేదు. కానీ కవిత్వంలో నలుపు ఎంత పెద్ద ప్రతీక అయిందో, నల్ల ఒంటి మీద పడ్డ గాయపు మచ్చ అంత కనపడకుండా పోయింది. గజ్జి మచ్చలతో నిండిన పిల్లవాడి కాళ్లని చూసి 'నల్లని అందం' అనడం ఆ పిల్లవాడికి ఏ విధంగానూ ఉపయోగపడదు. నలుపు మన రంగు. మచ్చ మన రంగు కాదు, మన మీద పడ్డ దెబ్బ గుర్తు. ఈ రెంటికీ తేడా చెప్పలేని సౌందర్యశాస్త్రం క్లినిక్కు బోర్డుకి తలకిందులు బొమ్మ మాత్రమే.

ఇంకా ముందుకుపోయి దళితులు నల్లవాళ్లు, అగ్రవర్ణాలు తెల్లవాళ్లు అని జాతుల సిద్ధాంతం చెప్పేవాళ్లూ ఉన్నారు. 1901 జనగణన చేయించిన రిజ్లీ దొర ముక్కులు కొలిచి కులాలకు జాతి అంటగట్టాడు. అంబేద్కర్ 1948లో 'ది అన్‌టచబుల్స్' రాస్తూ అవే కొలతలు తీసుకుని, బ్రాహ్మణుడి ముక్కుకీ అంటరానివాడి ముక్కుకీ తేడా లేదని తేల్చాడు. అంటరానితనానికి మూలం జాతిలో లేదని కొట్టిపారేశాడు. నల్ల బాపణ్ణీ తెల్ల మాలోణ్ణీ నమ్మొద్దనే సామెత దక్షిణాదిలో ఏదో ఒక రూపంలో వినపడుతూనే ఉంటుంది. ఆ సామెత వాళ్ల భయాన్నే బయటపెడుతుంది. రంగు చూసి కులం చెప్పలేమని చెప్పేవాళ్లకే బాగా తెలుసు. కాబట్టి మా వాదన రంగు మీద లేదు. ఒకే రంగు చర్మం మీద ఎవరికి మచ్చలు ఎక్కువ పడుతున్నాయి, ఆ మచ్చని చూసే యంత్రం ఎవరి చర్మం మీద తయారైంది, ఇవి మా ప్రశ్నలు.

యంత్రం సంగతి కొంచెం వివరంగానే చెప్పాలి. ఎందుకంటే మన మేధావులు టెక్నాలజీ అనగానే మొక్కుతారు, లేదంటే తిడతారు. అది ఎట్లా పనిచేస్తుందో చూడరు.

చర్మానికి వాడే లేజర్ల వెనక ఉన్న సూత్రాన్ని 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు ప్రకటించారు. ఒక్కో రంగు పదార్థం ఒక్కో రకం వెలుగుని ఎక్కువ తాగుతుంది. ఆ వెలుగుని సెకనులో కోట్లవ వంతు కాలంలో గట్టిగా కొడితే, ఆ పదార్థం మాత్రమే వేడెక్కి పగిలిపోతుంది. వేడి పక్కకి పాకేలోపే దెబ్బ అయిపోతుంది కాబట్టి చుట్టూ ఉన్న చర్మానికి ఏమీ కాదు. చాలా తెలివైన ఆలోచన, మేము కాదనం. కానీ 'చుట్టూ ఉన్న చర్మానికి ఏమీ కాదు' అన్న వాక్యంలో ఒక మనిషి దాక్కుని ఉన్నాడు. ఆ మనిషి చర్మంలో మచ్చకి రంగుంది, చుట్టూ రంగు లేదు. మన చర్మంలో అట్లా కాదు. మచ్చలో ఉన్నదీ మెలనినే, చుట్టూ ఉన్నదీ మెలనినే. యంత్రం గురి మెలనిన్ మీద. దానికి మచ్చకీ మనిషికీ తేడా తెలవదు.

దాంతో ఏమవుతుంది? లోపలి మచ్చని చేరకముందే పైపొరలోని మామూలు రంగు వెలుగుని తాగేస్తుంది, వేడెక్కుతుంది. వేడి అంటే కాలుడు, కాలితే మంట, మంట అంటే మళ్లీ మచ్చ. మంట తర్వాత మిగిలిన మచ్చని తీయడానికి పోయి ఇంకో మంట పెట్టుకోవడం అన్నమాట. ఇది మా ఊహ కాదు. నల్ల చర్మం మీద లేజర్ వల్ల వచ్చే ఇబ్బందుల్లో ముందు చెప్పుకునేదే కొత్త నల్ల మచ్చలు. ఏ జబ్బుకి మందు వేస్తున్నామో ఆ జబ్బే మందుకి దుష్ఫలితంగా రావడం వైద్యంలో అంత మామూలు సంగతి కాదు. 532 నానోమీటర్ల పచ్చ వెలుగుని మెలనిన్ బాగా తాగుతుంది కాబట్టి మన చర్మానికి దాంతో ప్రమాదం ఎక్కువ. 1064 నానోమీటర్ల కంటికి కనపడని కిరణాన్ని మెలనిన్ తక్కువ తాగుతుంది, అది లోపలికి దిగుతుంది. అందుకే నల్ల చర్మానికి క్యూ-స్విచ్ఛుడు ఎన్‌డీ-యాగ్ అనే ఆ లేజర్‌నే, అదీ తక్కువ శక్తితో వాడమంటారు. క్లినిక్కులు 'లేజర్ టోనింగ్' పేరుతో అమ్మేది దీన్నే. తూర్పు ఆసియా దేశాల్లో మంగు మచ్చల కోసం బాగా ప్రచారంలోకి వచ్చి అక్కణ్నుంచి ఇటు వచ్చింది. దీన్ని ఎక్కువసార్లు, దగ్గర దగ్గరగా కొట్టించుకుంటే రంగు కణాలు దెబ్బతిని మొహం మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు పడే ప్రమాదం ఉంది. నల్ల మచ్చ పోయి తెల్ల చుక్క వచ్చిందంటే మన ఊళ్లలో ఏమంటారో చెప్పాలా? బొల్లి అంటారు. పెళ్లి కోసం లేజర్‌కి పోయిన పిల్ల పెళ్లి అక్కడితో ఆగుతుంది.

2012 తర్వాత ఇంకా వేగంగా, పికో సెకన్లలో కొట్టే యంత్రాలు వచ్చాయి. వేడి తగ్గుతుందంటారు. అయినా ఈ మచ్చలకి మొదటి వరస చికిత్సగా లేజర్‌ని ఏ మంచి వైద్యగ్రంథమూ చెప్పదు. ముందు మంటకి కారణమైన జబ్బుని ఆపమంటారు, వెలుగు నుంచి కాపాడమంటారు, పూత మందులు వాడమంటారు. ఇవన్నీ అయ్యాక, ఇంకా లొంగకపోతే, చెవి వెనకో దవడ కిందో చిన్న చోట కొట్టి చూసి, కొన్ని వారాలు ఆగి, అప్పుడు లేజర్ అంటారు. బోర్డు మీద మాత్రం లేజరే మొదలు, లేజరే చివర. ఒక్కో విడతకి వేలల్లో లెక్క.

శక్తి ఎంత పెట్టాలో నిర్ణయించే కొలబద్ద సంగతి కూడా చూడండి. ప్రపంచమంతా వాడేది ఫిట్జ్‌పాట్రిక్ స్కేలు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో దీన్ని తయారుచేశాడు. సోరియాసిస్‌కి అతినీలలోహిత కిరణాల వైద్యం చేసేటప్పుడు తెల్లవాళ్లలో ఎవరికి ఎంత మోతాదు ఇవ్వాలో తేల్చడానికి పుట్టిందది. ఎండలో నిలబడితే కాలుతుందా, రంగు ఎక్కుతుందా అని తెల్లవాళ్లని అడిగి నాలుగు రకాలు చేశారు. గోధుమరంగు వాళ్లని అయిదో గడిలో, నల్లవాళ్లని ఆరో గడిలో తర్వాత కలిపారు. తెల్లదనంలో తేడాలకి నాలుగు మెట్లు, మిగతా ప్రపంచానికి రెండు. ఆండర్సన్, పారిష్‌లు పనిచేసిందీ ఆ ఆస్పత్రిలోనే. కొలబద్దా యంత్రమూ ఒకే ఇంట్లో పుట్టాయి. ఊళ్లో ఇళ్లన్నీ కట్టేశాక చివర్న వాడకి జాగా చూపించినట్టే ఉంది ఈ అయిదూ ఆరూ సంగతి. చాతుర్వర్ణ్యానికి అవతల పంచముణ్ణి పెట్టిన దేశంలో చదువుకున్న మనకి ఈ లెక్క కొత్తగా అనిపించకపోవడమే విచిత్రం.

చదువులోనూ ఇదే. మంటెక్కిన చర్మం 'ఎర్రబడుతుంది' అని పుస్తకం చెప్తుంది. మన చర్మం ఎర్రబడదు. ఊదాగానో, బూడిదగానో, ఇంకాస్త నల్లగానో మారుతుంది. ఎరుపు కోసం వెతికే కంటికి మంట కనపడదు, కనపడేసరికి మచ్చ మిగిలి ఉంటుంది. లండన్ సెయింట్ జార్జెస్‌లో చదివే మలోన్ ముక్వెండే అనే నల్లజాతి వైద్య విద్యార్థి, మా చర్మం మీద ఈ జబ్బులు ఎట్లా ఉంటాయి అని అడిగి, జవాబు దొరక్క, అధ్యాపకులతో కలిసి 2020లో 'మైండ్ ద గ్యాప్' అని చేతిపుస్తకం తెచ్చాడు. మన దేశంలో రోగులంతా నల్లగానో చామనఛాయగానో ఉంటారు, డాక్టర్లూ అంతే. అయినా పుస్తకాల్లో బొమ్మలు చాలాకాలం ఇంగ్లండువీ అమెరికావీ.

ఇక మచ్చలు పడే చోటికి పోదాం. పొలం గట్ల మీద, రైలు పట్టాల పక్కన, ఖాళీ జాగాల్లో తెల్లపూల కలుపు మొక్క ఒకటి మోకాలెత్తున పెరుగుతుంది. వయ్యారిభామ అని పేరు పెట్టారు, ఎవరు పెట్టారో గానీ. 1950ల్లో పూణె దగ్గర మొదట కనపడింది. దిగుమతి గోధుమలతో వచ్చిందంటారు, అందుకే కాంగ్రెస్ గడ్డి అని కూడా అన్నారు. దాని పొడి గాలిలో తేలి మొహం, మెడ, మోచేతి మడతల్లో దురద పుట్టిస్తుంది. ఏళ్ల తరబడి గోకి గోకి ఆ చర్మం మందంగా, నల్లగా, గీతలు పడిపోయి తయారవుతుంది. దాన్ని పీకేది ఎవరు? కలుపు కూలికి పోయేవాళ్లే. పత్తికి మందు కొట్టేవాడి వీపు, మిరపకాయలు ఏరే మనిషి వేళ్లు, పొద్దున్నే రోడ్లూడ్చే మనిషి పిక్కలు, ఒక్కో పని ఒంటి మీద ఒక్కో చోట తన గుర్తు పెడుతుంది. సంక్షేమ హాస్టళ్లలో ఒకే గదిలో పదుల మంది పిల్లల్ని పడుకోబెడితే గజ్జి ఒకడి నుంచి అందరికీ పాకుతుంది. గజ్జికి మందు చవకే. అందరికీ ఒకే రోజు రాసి, దుప్పట్లు ఉతికి ఎండేస్తే పోతుంది. అది చెయ్యక, గోకిన మచ్చలతో పెరిగి కాలేజీకి పోయిన పిల్ల పొట్టి చేతుల జాకెట్టు వేసుకోదు. ఆ పిల్లకి లేజర్ అమ్మడానికి ఎదురుగా బోర్డు ఉంటుంది.

సిమెంటు పని ఇంకా మంచి ఉదాహరణ. సిమెంటులో కొద్దిగా క్రోమియం ఉంటుంది. తడి సిమెంటులో చేతులు పెట్టేవాళ్లకి దాంతో ఎలర్జీ పుట్టి చేతులు పగులుతాయి, రసి కారతాయి, నల్లబడతాయి. ఒకసారి పట్టుకుంటే మేస్త్రీ పని మానేసినా ఏళ్లు వదలదు. క్రోమియంతో ఊనిన తోలులోనూ ఇదే రసాయనం, అంటే లంద మారినా ఒంటికి తప్పలేదు. డెన్మార్కులో 1981 నుంచి సిమెంటులో ఐరన్ సల్ఫేటు కలపడం మొదలుపెట్టారు. చవకైన పొడి అది, క్రోమియం విషాన్ని విరుస్తుంది. ఆ తర్వాత అక్కడి కట్టుబడి కూలీల్లో ఈ చేతుల జబ్బు బాగా తగ్గింది. 2005 నుంచి యూరపు దేశాలన్నిటికీ ఒక చట్టం పెట్టారు, నీళ్లలో కరిగే ఆ క్రోమియం పది లక్షల్లో రెండు వంతులు దాటకూడదని. ఎవరి చేతి మీదా లేజర్ కొట్టలేదు. మూటలో పొడి కలిపారు, అంతే. మచ్చని చర్మం మీద వెతికే వైద్యానికీ, సిమెంటు మూటలో వెతికే వైద్యానికీ మధ్య ఉన్న తేడా రాజకీయమైనది కాకపోతే ఇంకేది?

లేజర్ దాకా పోలేని వాళ్లకి ట్యూబు ఉంది. మెడికల్ షాపులో చీటీ అడక్కుండా ఇచ్చే ట్యూబు. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్, ఈ మూడూ కలిపిన పూత. డాక్టరు చూపుతో, కొద్ది వారాలు, మచ్చ మీద మాత్రమే రాస్తే మంచి మందే. నెలల తరబడి మొహమంతా పూస్తే చర్మం పలచబడి, నరాలు తేలి, మొటిమలు లేచి, మీసాలు వచ్చి, మానేస్తే మంటలు పుట్టి, చివరికి మొదటికంటే నల్లగా తయారవుతుంది. దేశంలో ఈ మొహాలు ఎంత పెరిగాయంటే చర్మవైద్యులు దీనికి వేరే పేరే పెట్టుకున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతల్ని చీటీ లేకుండా అమ్మొద్దని నిబంధన బిగించింది. షాపు కౌంటరు దగ్గర ఆ నిబంధన ఎంత బిగిసిందో పోయి అడిగి చూడొచ్చు.

ఈ మూడు మందుల కలయిక పుట్టుక చెప్పుకోవాల్సిందే. ఫిలడెల్ఫియాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మవైద్యుడు 1975లో దీన్ని ప్రకటించాడు. మామూలు చర్మం రంగుని కూడా ఇది పోగొట్టగలదని ఆ పేపర్లోనే రాశాడు. ఇదే క్లిగ్‌మన్ 1951 నుంచి 1974 దాకా హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల ఒంటి మీద రకరకాల మందులూ రసాయనాలూ ప్రయోగించాడు. ఆ ఖైదీల్లో ఎక్కువమంది నల్లవాళ్లు. వాళ్ల వీపుల మీద పట్టీలు వేసి కోసిన గళ్లు మచ్చలై మిగిలాయి. ఆలెన్ హార్న్‌బ్లమ్ 1998లో పుస్తకం రాసేదాకా బయటి ప్రపంచం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. 2022లో ఫిలడెల్ఫియా నగరం క్షమాపణ చెప్పింది. నల్ల ఒంటి మీద మచ్చలు పెట్టిన చేతే మచ్చలు తీసే మందు రాసింది. మన దగ్గర ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చిందీ, ఫిట్జ్‌పాట్రిక్ స్కేలు పుట్టిందీ, ఈ ఫార్ములా అచ్చయిందీ ఒకే ఏడు, 1975. కుట్ర అని మేము అనం. ఫెయిర్ అనే మాట 2020లో ఆ డబ్బా మీదనుంచి తీసేసి గ్లో అని పెట్టారు. డబ్బా మాత్రం అమ్ముడవుతూనే ఉంది.

ఇంత చెప్పాక, మచ్చ తీయించుకోవాలనుకునే దళిత స్త్రీని తప్పుపడతామనుకుంటే పొరపాటు. ఉద్యోగంలో, పెళ్లిచూపుల్లో, బస్సులో, ఆమె చర్మాన్ని చదివే కళ్ల నడుమ బతికేది ఆమె. మచ్చ దెబ్బ గుర్తయితే ఆ గుర్తు చెరుపుకునే హక్కు ఆమెది. దాన్ని ఆత్మగౌరవం పేరుతో మేమో ఇంకొకరో ఆపడం మగ పెత్తనమే. మాకు ఉన్న పేచీ ఆమె కోరికతో కాదు, ఆమెకి నిజం చెప్పకుండా డబ్బు గుంజడంతో. నీ మచ్చ పైపొరదా లోపలిదా, దానంతటదే పోయేదా, నీ రంగు మీద ఈ యంత్రాన్ని ఎంతమందికి వాడారు, వాళ్లలో ఎంతమందికి నల్లబడింది, కొట్టేది డాక్టరా కూలికి పెట్టుకున్న మనిషా, ఇవి చెప్పి సంతకం తీసుకోవాలి. ఎండలో తిరగొద్దని కాగితం మీద రాసిస్తారు. మిర్చి కల్లంలో పనిచేసే మనిషికి ఆ కాగితం దేనికి? నల్ల చర్మాన్ని ఎండలోని అతినీలలోహితమే కాదు, కంటికి కనపడే మామూలు వెలుగు కూడా నల్లబరుస్తుందని 2010 నాటికే ప్రయోగాల్లో తేలింది. తెల్లగా పూసుకునే మామూలు సన్‌స్క్రీన్ దీన్ని అంతగా ఆపలేదు. ఇనుప ఆక్సైడు కలిపిన రంగు పూతలు ఆపుతాయి. ఇనుప ఆక్సైడు అంటే ఎర్రమట్టికి ఎరుపునిచ్చే పదార్థమే, అరుదైనదేం కాదు. మన రంగుకి సరిపడేట్టు తయారుచేసి, ప్రభుత్వాసుపత్రి చర్మ విభాగంలో గజ్జి మందుతోపాటు ఊరికే ఇవ్వొచ్చు. లేజర్ యంత్రం ఖర్చు ముందు ఇది ఎంత?

దక్షిణాఫ్రికాలో నల్లజాతి ప్రజలు దీని మీద కొట్లాడారు. అక్కడ హైడ్రోక్వినోన్ క్రీములు ఏళ్లకేళ్లు పూసుకున్నవాళ్ల బుగ్గలు పోగొట్టుకోలేని నీలి నలుపుకి తిరిగాయి. బ్లాక్ కాన్షస్‌నెస్ కార్యకర్తలు, వాళ్లతో కలిసిన డాక్టర్లు ఆ క్రీముల్ని వర్ణవివక్ష రాజకీయంగానే చూశారు. 1990లో ఆ దేశం సౌందర్య సాధనాలుగా అమ్మే తెల్లబరిచే క్రీములన్నిటినీ నిషేధించింది. దొంగచాటు అమ్మకాలు ఆగలేదు, అది వేరే కథ. కానీ చర్మవైద్యులూ ఉద్యమకారులూ ఒకే బల్ల చుట్టూ కూచున్నారు. మన దగ్గర ఆ బల్ల ఇంకా వెయ్యలేదు.

వేస్తే మొదటి ప్రశ్న ఏంటో మేము చెప్పగలం. ఇటలీలోని మోడెనా ఊళ్లో బెర్నార్డినో రామజ్జీని అనే వైద్యుడు ఉండేవాడు. తన ఇంట్లో పాయఖానా గుంట తోడుతున్న మనిషి కళ్ల అవస్థ చూసి, అతన్ని పలకరించి, పని వల్ల వచ్చే జబ్బుల మీద 1700లో మొదటి పెద్ద పుస్తకం రాశాడు. తోలు ఊనేవాళ్ల జబ్బుల గురించి కూడా అందులో ఉంది. పాత వైద్యులు రోగిని అడిగే ప్రశ్నలకి ఆయన ఇంకొకటి కలపమన్నాడు: నువ్వు ఏం పని చేస్తావు? లేజర్ గదిలో చర్మం రకం అయిదా ఆరా అని రాసుకునే ఫారంలో ఈ ప్రశ్నకి ఒక గీత గీయడానికి యంత్రమేం అక్కర్లేదు.